కథానాయకుడు కానివాడి కథ

వీడియో ఆట అన్న మాట వినబడగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ కనుబొమలు ముడిపడతాయి. పిల్లల చదువుకు అది చెదపురుగని వారి నమ్మకం. ఒకనాడు నవలల మీదా, ఆ తరువాత సినిమాల మీదా ఇదే అభియోగం ఉండేది గనక నాకేమీ ఆశ్చర్యం లేదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆటల గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. కథ ఎక్కడుంటే అక్కడ మా బోటివాళ్ళకు కాస్త పని ఉంటుంది. అంచేత ఈ వారం ఒక జపాను ఆట గుణదోషాలు విచారిద్దాం.

దాని పేరు 'డ్రాగన్ క్వెస్ట్ 5'. 1992 సెప్టెంబరులో జపానులో వెలువడింది. కథ కూర్చినవాడు యూజీ హోరీ. బొమ్మలు గీసిన అకీరా తోరియామా 2024లోనూ, సంగీతం సమకూర్చిన కోయిచీ సుగియామా 2021లోనూ కాలం చేశారు. ఆట ఇంగ్లీషులోకి రావడానికి 2009 దాకా పట్టింది. ఇప్పుడు సెల్‌ఫోనులోనే ఆడుకోవచ్చు. నేను ఆడిందీ అలాగే. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. అంటే ఆడేవాడు ఒక పాత్ర వేషం కట్టి, ఊళ్ళు తిరుగుతూ, అడ్డం వచ్చిన భూతాలతో పోరాడుతూ, కథను తానే నడిపించుకుపోవాలన్నమాట.

కథ మొదట్లో మనం ఆరేళ్ళ పిల్లవాడిగా తండ్రి వెంట నడుస్తాం. తండ్రి పేరు పాంక్రాజ్. దారిలో భూతాలు మీద పడితే ఆయనే ముందు నిలుస్తాడు. పోరు ముగియగానే పిల్లవాడి దెబ్బలు మంత్రం వేసి మాన్పుతాడు. ఎవరూ అడగకుండానే. మనం దాన్ని పెద్దగా పట్టించుకోం కూడా. ఒకనాడు లాజా అనే దుర్మార్గుడు పిల్లవాడి మెడ మీద కత్తి పెట్టి, కదిలితే వీడి ప్రాణం తీస్తానంటాడు. అంత వీరుడూ చెయ్యెత్తకుండా నిలబడి, దెబ్బలన్నీ కాచుకుని, మీ అమ్మ బతికే ఉందిరా అని చెప్పి చనిపోతాడు. తరువాత పిల్లవాడికి 10 ఏళ్ళ బానిసత్వం. తప్పించుకుని బయటపడ్డాక మొదటి పోరులో దెబ్బ తగులుతుంది. మాన్పేవాడు లేడు. తండ్రి లేని లోటు ఏమిటో ఒక్క మాట రాయకుండా చెప్పడమంటే ఇదీ. కరుణరసం గురించి నేను క్లాసులో గంటసేపు చెప్పేది ఇక్కడ ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

ఈ ఆటకున్న అసలు గుణం వేరే ఉంది. తండ్రి జన్మంతా వెతికింది పురాణపురుషుడైన ఒక వీరుడి కోసం. దేవలోకపు కత్తి పట్టగలవాడు అతనొక్కడేనట. ఆ కత్తి కొడుక్కి దొరుకుతుంది. ఇంకేముంది, వీరుడు మనమే అనుకుంటాం. పట్టి చూస్తే ఆ కత్తి లొంగదు! మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు మొదలుగా నాలుగు తెగలు చేశారు గాని, తాను నాయకుడు కానని నడిమధ్యలో తెలుసుకునే నాయకుడికి పేరు పెట్టలేదు. ఆ తరువాత అతనికి పెళ్ళవుతుంది. కవలలు పుట్టిన వెంటనే శత్రువులు భార్యాభర్తలిద్దరినీ రాళ్ళుగా మార్చేస్తారు. భర్త విగ్రహాన్ని ఒక సంసారి కొని పెరట్లో నిలబెట్టుకుంటాడు. కళ్ళ ముందు ఋతువులు మారుతుంటాయి, ఆ యింటి పిల్లవాడు పెరుగుతుంటాడు, ఆడేవాడి చేతిలో మాత్రం చేయడానికేమీ ఉండదు. 8 ఏళ్ళు గడిచాక కవలలు వెతుక్కుంటూ వచ్చి తండ్రిని విడిపిస్తారు. మనకు కుశలవులు గుర్తుకు రాక మానరు. ఆ కత్తి పట్టగలవాడు ఆ కొడుకే!

మా నాన్నగారు తాను చదవలేని చదువు నన్ను చదివించారు. నాకందనిదేదో మావాడికి అందుతుందని నేనూ చూస్తున్నాను. మధ్యతరగతి సంసారమంటేనే ఈ నడిమి మనిషి కథ. దాన్ని ఒక ఆటలో చెప్పవచ్చునని కనిపెట్టినందుకు హోరీగారికి నమస్కారం పెట్టవచ్చు.

ఇక దోషాలు. మొదటిది పోరాటాలు. పది అడుగులు వేస్తే ఒక భూతం, మరో పది అడుగులకు ఇంకొకటి. బలం చాలకపోతే అదే అడవిలో తిరుగుతూ మళ్ళీ మళ్ళీ కొట్టాలి. పూర్తి కావడానికి 25, 30 గంటలు పడుతుంది; అందులో కథ తక్కువ, కొట్లాట ఎక్కువ. పోయిన కాలం తిరిగి రాదని ఇంత చక్కగా చెప్పే ఆట మన కాలాన్నే ఇలా దుబారా చేయడం విడ్డూరం. 8 ఏళ్ళు రాయిగా నిలిచినవాడి కథ చెబుతూ మనల్ని కూడా రాళ్ళుగా కూర్చోబెడుతుంది.

రెండోది పెళ్ళి. చిన్ననాడు తనతో పాడుబడ్డ కోటలో దయ్యాలను తరిమిన బియాంకానా, ధనవంతుడి కూతురు నేరానా, ఎవరిని చేసుకుంటావో తేల్చుకోమంటారు. జపానులో దీని మీద ఆటగాళ్ళు రెండు పక్షాలై నేటికీ వాదించుకుంటారు. తరువాతి కూర్పులో నేరా అక్క డెబోరాను కూడా చేర్చారు. కాని తూకం సరిగ్గా లేదు. బియాంకాతో బాల్యమంతా ఉంది. నేరాతో పరిచయం నాలుగు మాటలకు మించదు. పైగా ఎవరిని చేసుకున్నా కథ దాదాపు ఒక్కటే. పిల్లల జుట్టు రంగు మాత్రం తల్లిని బట్టి మారుతుంది!

మూడోది నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది. ఇందులో తండ్రికీ కొడుక్కీ మనవడికీ కథ ఉంది. ఆడవాళ్ళకు నిరీక్షణే ఉంది. భార్య రాయిగా ఎదురుచూస్తుంది. తల్లి మడలేనా భూతలోకంలో బందీగా ఎదురుచూసి, కొడుకు కళ్ళబడిన కాసేపటికే పోతుంది. ఆమె మాట్లాడేది ఎంత కొద్దో చూస్తే మనసు చివుక్కుమంటుంది. శత్రువులకు రాజైన మిల్‌డ్రాత్ సంగతి సరేసరి. అతనికి కొమ్ములూ కోరలూ ఉన్నాయి గాని మనసు లేదు. లాజా మీద పుట్టిన కసి అతని మీద పుట్టదు.

ఇన్ని దోషాలున్నా ఈ ఆట ఆడదగిందనే నా తీర్పు. ఒక ఘట్టంలో పెద్దవాడైన కొడుకు కాలంలో వెనక్కి వెళ్ళి, బతికి ఉన్న తండ్రిని చూస్తాడు. ఆ ప్రయాణం మానుకోమని చెప్పినా ఆయన ఆగడు. పక్కనే ఆరేళ్ళ తాను ఆడుకుంటూ ఉంటాడు. మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆట ఆడుతూ ఆ ఘట్టం దాకా వచ్చి ఉంటే, ఫోను లాక్కోకండి. కాసేపు పక్కన కూర్చుని చూడండి.