నదికి లేని సరిహద్దు నది ఒడ్డు పల్లెలకెందుకు?

కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి పాపికొండల దాకా నది ఒడ్డున కోయ, కొండరెడ్డి పల్లెలు తరతరాలుగా ఉన్నాయి. ఒండ్రు నేలలో పంట, నదిలో చేప, అడవిలో ఇప్పపువ్వు, చింతపండు - ఇదే వారి బతుకు. ఏరడం, ఎండబెట్టడం, సంతకు మొయ్యడం ఎక్కువగా స్త్రీల పనే. అయినా ఈ పల్లెల గురించి ప్రభుత్వాలు మాట్లాడినప్పుడల్లా మనకు వినిపించేవి అడుగులు, టి.ఎం.సి.లు మాత్రమే.

2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మ్యాపులో గీత మారింది, నది మారలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. చివరిదైన మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. గోదావరి పోటుకు శబరి వెనక్కి తన్నింది. గీతకు రెండువైపులా పల్లెలు మునిగాయి. ముంపుకు కారణం ఎవరని రాష్ట్రాలు వాదులాడుకున్నాయి.

వరద అందరి ఇళ్లలోకీ వస్తుంది. నష్టం మాత్రం అందరికీ ఒకేలా ఉండదు. నదికీ అడవికీ దూరంగా కాలనీ కడితే స్త్రీ చేతిలో ఆడే నాలుగు రూపాయలూ పోతాయి. పరిహారం భర్త పేరునే వస్తే ఆ డబ్బుపై ఆమె మాట చెల్లదు. చట్టం ఇలా చెప్పలేదు. 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వమంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని 1996 పీసా చట్టం చెప్పింది.

కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు కోర్టులోనే కాక నది ఒడ్డున కూడా కలవాలి. వరద హెచ్చరిక నాలుగు రాష్ట్రాల్లోనూ ఒకేసారి, కోయ భాషలో కూడా అందాలి. వరద రోజుల్లో బియ్యానికీ, ప్రసవానికీ ఏ రాష్ట్రం కార్డని అడగకూడదు. మిగిలిన పల్లెలకు బడి, వైద్యం, పడవ రేవు కావాలి. తరలినవారికి భూమికి భూమి, ఇద్దరి పేరునా పట్టా కావాలి. ఇవన్నీ తేల్చే ఉమ్మడి కమిటీలో ఆ పల్లెల స్త్రీలు సగం మంది ఉండాలి.

నీటి వాటాల కోసం ఇన్నిసార్లు కూర్చున్న ప్రభుత్వాలు ఆ నీటి ఒడ్డున బతికే మనుషుల కోసం ఒక్కసారి కూర్చోలేవా? ఈ ప్రశ్నను నాలుగు రాష్ట్రాల మహిళా సంఘాలూ ఒకే గొంతుతో అడగాలి.