పేరు ఎక్కింది, సాక్ష్యం ఏదీ?

2017 ఏప్రిల్ 24న బస్తర్‌లోని సుక్మా జిల్లా బుర్కపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో 121 మంది ఆదివాసీలను దంతెవాడ ప్రత్యేక కోర్టు 2022 జూలైలో నిర్దోషులుగా విడుదల చేసింది. నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం ప్రాసిక్యూషన్ చూపలేకపోయింది. అప్పటికే వాళ్ల జీవితంలో ఐదేళ్లు జైలుపాలయ్యాయి. జవాన్ల కుటుంబాలకూ న్యాయం దక్కలేదు.

దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్‌కు కేంద్రం 2009లోనే 2,000 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఐసీజేఎస్ వ్యవస్థ దాన్ని కోర్టులు, జైళ్లు, ఫోరెన్సిక్ ల్యాబులతో జోడిస్తోంది. కంప్యూటర్ వస్తే దర్యాప్తు దానంతటదే శాస్త్రీయమవుతుందని చాలామంది నమ్ముతున్నారు. నేను నమ్మను.

బ్రిటన్ అనుభవం చూడండి. 13 మంది మహిళలను చంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. వివరాలన్నీ కాగితపు కార్డుల గుట్టల్లో చెల్లాచెదురుగా ఉండిపోయాయి. ఆ వైఫల్యం నుంచే 1980లలో 'హోమ్స్' అనే కంప్యూటర్ వ్యవస్థ పుట్టింది. ప్రతి పేరునూ అది ఎక్కడ నుంచి వచ్చిందో ఆ వాంగ్మూలంతో ముడిపెట్టడం దాని పద్ధతి. అయినా 1993లో నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ హత్య దర్యాప్తు కుప్పకూలింది. పోలీసు శాఖలో వ్యవస్థీకృత జాతివివక్ష ఉందని 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక తేల్చింది. యంత్రం వివక్షను కడగలేదు.

మన దగ్గర ఆ వివక్షకు రిజిస్టరే ఉండేది. 1871 నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా నమోదు చేసింది. 1952లో చట్టం పోయినా చూపు పోలేదు. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో ఆదేశించాల్సి వచ్చింది. పాత అనుమానాన్నే కొత్త డేటాబేస్‌లోకి ఎక్కిస్తే అది ఇంకా వేగంగా, ఇంకా దూరం ప్రయాణిస్తుంది.

అందుకే నా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. ఏ ఆధారంతో పేరు చేర్చారో రాయకుండా నిందితుడి నమోదు ముందుకు కదలకూడదు. గోండి మాట్లాడేవారి వాంగ్మూలాన్ని గోండిలోనే రికార్డు చేసి, హిందీ అనువాదాన్ని దానికి జతచేయాలి. విచారణ లేకుండా నెలల తరబడి జైల్లో ఉన్నవారి జాబితా న్యాయమూర్తి ముందుకు దానంతటదే రావాలి. నిర్దోషిగా తేలినవారి రికార్డులో ఆ తీర్పు అన్నిటికన్నా పైన కనిపించాలి.

రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవారు చెడ్డవారైతే చెడ్డదే అవుతుందని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న హెచ్చరించారు. సాఫ్ట్‌వేర్ అంతకు మినహాయింపు కాదు. చట్టం, కంప్యూటర్ సైన్స్ చదివే మన విద్యార్థులు ఈ వ్యవస్థలను ఆదివాసీ వైపు నుంచి పరీక్షించాలి. 121 మందికి ఆ ఐదేళ్లు ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు.