కొలను అంచుకు ఏ రాయి?

సొంత ఇల్లు కట్టుకొనే మన ఉద్యోగ సోదరులలో, ముంగిట ఒక చిన్న తామరకొలను ఏర్పరచుకోవాలన్న కోరిక కలవారు తక్కువేమీ కాదు. ఇంటి పనులు ఒక కొలిక్కి వచ్చాక, చేతిలో మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో తోట సంగతి ఆలోచిస్తారు. గొయ్యి ఎంత లోతు తీయాలి, ఏ చేపలు వేయాలి అన్న విషయాలపై ఇంటిల్లిపాదీ చర్చిస్తారు. అంచున పరచే రాయి దగ్గరకు వచ్చేసరికి మాత్రం, "వంటగట్టుకు తెచ్చిన గ్రానైటులో నాలుగు ముక్కలు మిగిలాయి, అవే వేసేద్దాము" అని తేల్చివేస్తారు. ఈ సంచికలో ఆ రాతిని గురించే నాలుగు మాటలు విన్నవించదలచాము.

వంకరటింకరగా తవ్విన సహజరీతి కొలనుకు ఏ గుండ్రాయి పెట్టినా ఒప్పుతుంది. మొక్కలు లోపాలను కప్పివేస్తాయి. దీర్ఘచతురస్రంగా, గీత గీసినట్లు కట్టిన కొలనుకు ఆ సౌకర్యం లేదు. అక్కడ అంచురాయి నాలుగు పనులు చేయాలి: గోడ తలను కప్పాలి, వాన నీటితో కొట్టుకువచ్చే మట్టిని ఆపాలి, నీటిమట్టానికి సరళరేఖగా నిలవాలి, అన్నిటికంటె ముఖ్యంగా తడికాలితో నిలబడినవారిని జారనీయకూడదు. మొదటి మూడింటిలో లోపముంటే కంటికి మాత్రమే నష్టం. నాలుగవదానిలో లోపముంటే ఎముకకు నష్టం.

మేము ఎరిగిన ఒక ఇంట నల్లని మెరుగు గ్రానైటుతో అంచు కట్టారు. చూడడానికి అద్దంలా ఉండేది. ఒక ఉదయం ఆ ఇంటి పెద్దావిడ పూజకు తామరపువ్వు కోయబోయి, తడిసిన రాతిపై కాలు జారి మణికట్టు విరుగగొట్టుకున్నారు. నెల తిరగకుండానే కొలనును మట్టితో పూడ్చి కనకాంబరాలు నాటారు. అంత శ్రమపడి కట్టిన కొలను పోవడానికి కారణం నీరు కాదు, రాతి మెరుగు. కనుక రాయి పేరు అడుగడానికి ముందు దాని పైతలం ఎటువంటిదో అడగాలి.

మనకు అందుబాటులో ఉన్న రాళ్ళు ప్రధానంగా మూడు తెగలవి. మొదటిది నాపరాయి. తాండూరు, షాబాదు, బేతంచెర్ల, కడప ప్రాంతాల బండలూ, రాజస్థాన్‌లోని కోటా రాయీ ఈ తెగవే. ఇవి సున్నపురాళ్ళు. పొరలుగా విడివడుతాయి కనుక పలకలు తేలికగా లభిస్తాయి, ఖర్చూ తక్కువ. అయితే ఆరుబయట వీటి మెరుగు నిలవదు. నల్లని కడప రాయి కొంతకాలానికి బూడిదరంగుకు తిరుగుతుంది. స్నానాలగదికి వాడే యాసిడ్ పడితే పొంగి, తినివేయబడుతుంది. నాపరాయి వేయదలిస్తే మెరుగు పెట్టని, గనిలో విడివడిన సహజమైన గరుకు తలం ఉన్న బండనే ఎన్నుకోవాలి.

రెండవది ఇసుకరాయి. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ఉద్యానంలో (2023 నుండి దాని పేరు అమృత్ ఉద్యాన్) లుటియెన్స్ తీర్చిన కాలువలు ఎర్ర ఇసుకరాతి సొగసుకు పేరెన్నికగన్నవి. కాలికి పట్టు బాగా ఉంటుంది, కోతకు లొంగుతుంది. నీటిని ఎక్కువగా పీల్చుకోవడం దీని లోపం. నిత్యం తడిగా ఉండే చోట పాచి పట్టి, ఆ పట్టు కాస్తా పోతుంది. వారం వారం బ్రష్షుతో తోమే ఓపిక ఉన్నవారికే ఇది తగినది.

మూడవది గ్రానైటు. నీటిని పీల్చుకొనేది స్వల్పం, యాసిడ్‌కు తేలికగా లొంగదు, తరాలపాటు మన్నుతుంది. మెరుగు పెట్టిన పలకకు బదులు, తలాన్ని మంటతో కాల్చి గరుకు చేసినదిగాని, ఉలితో చెక్కినదిగాని తీసుకోవాలి. మంట వేడికి గ్రానైటులోని స్ఫటికపు రేణువులు వ్యాకోచించి పైపొర చిట్లిపోతుంది, సన్నని గరుకు ఏర్పడుతుంది. నల్లరాయి మే నెల ఎండకు అరికాలు పెట్టనీయదు. అందుచేత మామూలు బూడిదరంగు గ్రానైటు, రాతి కడీలకు కొట్టేటటువంటిది, చెక్కించి వేసుకోవడమే మా సలహా. షోరూముకు పోనక్కరలేదు, రాయి కొట్టే పనివారి వద్దనే లభిస్తుంది.

ఇక కొలతల సంగతి. కొలను తవ్విన తరువాత రాయి కొనడం కాదు, రాతి కొలతను బట్టి కొలనును తవ్వాలి. రెండడుగుల పొడవు రాళ్ళు దొరుకుతాయనుకొందాము. రాళ్ళ లోపలి అంచు ఎనిమిదడుగులు, ఆరడుగులు ఉండేటట్లు నిర్ణయిస్తే పొడుగువైపు నాలుగేసి, వెడల్పువైపు మూడేసి, మొత్తం 14 రాళ్ళు, మూలలకు నాలుగు చదరపు రాళ్ళు సరిపోతాయి. ఎక్కడా చిన్న ముక్క అతికించవలసిన అవసరం రాదు. ఒక్కొక్క రాయిని 5 మి.మీ. తక్కువగా కోయించి ఆ మేరకు సందు వదలాలి. ఎండకు రాయి వ్యాకోచిస్తుంది. పదకొండడుగుల వరుసలో 40 డిగ్రీల తేడాకు అది సుమారు ఒక మి.మీ. ఉంటుంది.

రాయి గోడను దాటి నీటిపైకి రెండంగుళాలు ముందుకు రావాలి. ఆ నీడలో గోడ తల కనబడదు, చేపలకూ చల్లగా ఉంటుంది. అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవలసి ఉన్నది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం గల గ్రానైటు బండ సుమారు 25 కిలోలు తూగుతుంది. 70 కిలోల మనిషి సరిగ్గా దాని కొసపై నిలబడితే గోడ అంచు వద్ద రాతిని తిరగవేయజూచే బలం 70ని 2తో హెచ్చవేయగా 140. రాయి తన బరువుతో నిలువరించగలిగినది 25ని 4తో హెచ్చవేయగా 100 మాత్రమే. అంటే సిమెంటు పట్టు వదిలిన నాడు ఆ రాయి మనిషితో సహా నీటిలోకి తిరగబడుతుంది. అదే రాయి వెడల్పు అడుగున్నర ఉంటే బరువు 38 కిలోలు అవుతుంది, నిలువరించే బలం 38ని 7తో హెచ్చవేయగా 266. సిమెంటు ఊడినా రాయి కదలదు. వెడల్పులో ఆరంగుళాలు పొదుపు చేయడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చును. తొమ్మిదంగుళాల గోడపై కూర్చోగా వెనుకకు మిగిలిన భాగం కింద కాంక్రీటు పరుపు వేయించాలి. మూలలకు కూడా అడుగున్నర చదరపు రాళ్ళే తీసుకోవాలి. నీటివైపు అంచుల పదును తీయించి గుండ్రం చేయించడం మరువకూడదు.

రాళ్ళు పరచేటప్పుడు రసమట్టం ఒక్కటే చాలదు. పారదర్శకమైన గొట్టంలో నీరు నింపి నాలుగు మూలలా మట్టం చూడాలి. రాతికీ నీటికీ మధ్య రెండంగుళాల ఎడం ఉన్నచోట అరంగుళం తేడా వస్తే, అది నాలుగవ వంతు. వీధిలో పోయేవారికి సైతం కొలను ఒరిగినట్లు కనబడుతుంది. వానాకాలంలో మట్టం దాటకుండా ఆ గీతవద్దనే పొర్లుగొట్టం పెట్టించాలి. మేస్త్రి చేత రాళ్ళన్నిటినీ ముందు పొడిగా పేర్పించి, సుద్దతో వరుస సంఖ్యలు వేయించి, ఆ తరువాతనే సిమెంటు కలపమనడం మేలు. ఇది కొత్త పద్ధతి కాదు. హంపిలో 1980లలో జరిగిన తవ్వకాలలో బయటపడిన మెట్ల పుష్కరిణి రాళ్ళపై, ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో రావాలో తెలిపే గుర్తులు నేటికీ కనబడుతాయి.

పని ముగిసిన వెంటనే చేపలు వదలరాదు. పచ్చి సిమెంటులోని సున్నం నీటిని తీవ్రమైన క్షారంగా మార్చి చేపలను చంపుతుంది. నీరు నింపి, కొన్నాళ్ళుంచి, తోడివేయడం కనీసం మూడుసార్లు జరగాలి. పి.హెచ్. కాగితంతో పరీక్షించి, 8.5కు మించకపోతేనే చేపలు వేయాలి. సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోయడం నాపరాతికీ చేపలకూ కూడా చేటు.

చిన్నపిల్లలున్న ఇళ్ళవారికి ఒక మనవి. నేలమట్టపు అంచుకు బదులు గోడను అడుగున్నర ఎత్తు లేపి, ఆ వెడల్పాటి రాతినే అరుగుగా ఉపయోగించుకోవచ్చును. అయినా పిల్లలు ఎక్కకుండా ఉండరు. నీటిమట్టానికి కొద్దిగా దిగువన గట్టి ఇనుపవల బిగించి, తామర కాడలు దానిలోనుండి పైకి వచ్చేటట్లు చేయాలి. అది ఉన్నా పెద్దల కన్ను ఉండితీరాలి. చిన్నపిల్లలకు అడుగులోతు నీరు కూడా ప్రాణాంతకమే.

రాయి కొనడానికి వెళ్ళేటప్పుడు ఇంటిలోని పెద్దవారిని కూడా వెంటబెట్టుకొని వెళ్ళండి. సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. గంటవలె ఖణీమంటే మంచి రాయి, బొద్దుగా మోగితే లోపల పగులున్నదని అనుమానించాలి. తరువాత రాతిపై చెంబెడు నీళ్ళు పోసి, మీ చేయి ఆసరాగా ఇచ్చి, ఆ పెద్దవారిని చెప్పులు లేకుండా దానిపై ఒక్క అడుగు వేయమనండి. వారి కాలు నిలకడగా ఆనితే ఆ రాయి తీసుకోండి. తడబడితే, ఎంత అందమైనదైనా అక్కడే వదిలి రండి.