ట్రైన్ 3ని తిట్టినవాళ్లది తప్పు కాదు

స్టీమ్‌లో డిస్కౌంట్ సేల్ పెట్టినప్పుడల్లా ట్రైన్ సిరీస్ గేమ్స్ అన్నీ ఒకే కట్టగా తక్కువ రేటుకి కనిపిస్తాయి. వెంటనే నా ఫోన్‌కి ఒకే ప్రశ్న వస్తుంది: "అన్నా, మొదటి రెండూ సూపర్ అంటున్నారు, మూడోదాన్ని ఎందుకు అంతలా తిడుతున్నారు? ట్రైలర్ చూస్తే అదే బాగుంది కదా?"

ముందు తెలియనివాళ్ల కోసం ఒక మాట. ట్రైన్ అంటే మేడ్చల్ స్టేషన్‌లో ఆగే బండి కాదు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఉన్న ఫ్రోజెన్‌బైట్ అనే స్టూడియో 2009లో తెచ్చిన పజిల్ ప్లాట్‌ఫార్మర్ గేమ్. ట్రైన్ 2 అదే ఊపులో 2011 డిసెంబర్‌లో వచ్చింది. ట్రైన్ 3: ది ఆర్టిఫాక్ట్స్ ఆఫ్ పవర్ 2015 ఆగస్టు 20న వచ్చి, సిరీస్‌కి ఉన్న మంచి పేరుని ఒక్కసారిగా కిందకి లాగింది.

పదేళ్లు దాటిన గేమ్ గురించి ఇప్పుడెందుకంటారా? దాని చుట్టూ జరిగిన గొడవ ఇంకా పాతబడలేదు. మంచి గేమ్‌కి వచ్చిన సీక్వెల్ నిరాశపరిచినప్పుడు రివ్యూ రాసేవాడు ఎవరి పక్షాన ఉండాలి? కష్టపడిన చిన్న స్టూడియో పక్షానా, జేబులోంచి డబ్బులు తీసేవాడి పక్షానా? నా సమాధానం రెండోదే. ఎందుకో చెప్తాను.

ఒక గొయ్యి, మూడు దారులు

ట్రైన్‌లో ముగ్గురు హీరోలు ఉంటారు. అమాడియస్ అనే మాంత్రికుడు గాల్లోంచి పెట్టెలు, చెక్క పలకలు సృష్టిస్తాడు. పాంటియస్ అనే యోధుడికి కత్తి, డాలు ఉంటాయి. జోయా అనే దొంగ బాణాలు వేస్తుంది, కొక్కెం తాడు విసిరి ఊగుతూ దాటేస్తుంది. ఒక్కరే ఆడితే ముగ్గురినీ మార్చుకుంటూ వెళ్లొచ్చు, ముగ్గురుంటే తలా ఒకర్ని పట్టుకోవచ్చు.

అసలు విషయం ఏంటంటే, ఈ గేమ్‌లో చాలా పజిల్స్‌కి 'సరైన జవాబు' అని ఒకటి ఉండదు. అన్నీ బరువు, ఊపు, బ్యాలెన్స్ లాంటి ఫిజిక్స్ రూల్స్ మీద నడుస్తాయి. లాల్‌గడి మలక్‌పేట్‌లో నేను అద్దెకుంటున్న గదిలో వీకెండ్ వస్తే ట్రైన్ 2 ఆడతాం. లాప్‌టాప్ టీవీకి తగిలిస్తాం, రెండు కంట్రోలర్లు, ఒక కీబోర్డ్. మిగతా ఇద్దరూ ఇక్కడే జీనోమ్ వ్యాలీలో షిఫ్టులు చేసే దోస్తులు. స్క్రీన్ మీద ఒక గొయ్యి వచ్చిందంటే చాలు, పంచాయితీ మొదలు. ఒకడు రెండు పెట్టెలు పేర్చి పైన పలక వేద్దాం అంటాడు. ఇంకొకడు తాడు వేసి ఊగి అవతలికి పోతాడు. ఆ పలక వంకరగా పడి, సరిగ్గా మనం దాటగానే కూలిపోతుంది. అయినా దాటేశాం కదా! ఆ జుగాడే ఈ గేమ్ సరదా. గేమ్ తయారుచేసినవాళ్లు అనుకోని దారి మనకి దొరికినప్పుడు వచ్చే సంతోషం మామూలుగా ఉండదు.

విమర్శకులు మొదటి రెండు గేమ్స్‌నీ మెచ్చుకున్నది అందుకే. పీసీ వెర్షన్‌లకి మెటాక్రిటిక్‌లో మొదటిదానికి 80, రెండోదానికి 84 వచ్చాయి.

మూడోదాంట్లో తేడా ఎక్కడ కొట్టింది

ట్రైన్ 3 చేసిన పెద్ద మార్పు 3డీ. అప్పటిదాకా ఎడమ నుంచి కుడికి మాత్రమే నడిచే హీరోలు ఇప్పుడు లోపలికి, బయటికి కూడా వెళ్లగలరు. 2015 ఏప్రిల్‌లో ఎర్లీ యాక్సెస్‌లో బయటికి వచ్చినప్పుడు ఆ లోకం చూసి అందరూ నోరెళ్లబెట్టారు. ఇప్పటికీ చూడ్డానికి అందంగానే ఉంటుంది. ఆరి పుల్కినెన్ సంగీతానికీ వంక పెట్టలేం.

కానీ ఆట మొదలుపెట్టాక మూడు సమస్యలు బయటపడ్డాయి. మొదటిది కెమెరా. అది మన చేతిలో ఉండదు, ఫిక్స్‌డ్ యాంగిల్‌లో చూపిస్తుంది. దాంతో ముందున్న మెట్టు ఎంత దూరంలో ఉందో కంటికి సరిగ్గా అందదు. దూకితే చాలాసార్లు పక్కన పడతాం.

రెండోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. మాంత్రికుడు ఇక్కడ ఒక్క పెట్టె మాత్రమే సృష్టించగలడు. పలకలు లేవు. కొత్త శక్తులు నేర్చుకుంటూ పోయే స్కిల్ అప్‌గ్రేడ్స్ కూడా తీసేశారు. అంటే గదినిండా సామాన్లిచ్చి 'నీ ఇష్టమొచ్చినట్టు కట్టుకో' అన్న గేమ్ ఇప్పుడు చేతికి ఒక ఇటుక ఇచ్చింది. ఒక్క పెట్టెతో పంచాయితీ ఏం పెట్టుకుంటాం?

మూడోది నిడివి, ముగింపు. కథ చిన్నది. పైగా తర్వాతి లెవెల్స్ తెరవాలంటే దారిలో మెరిసే ట్రయాంగిల్స్ ఏరుకోవాలి, సరిపడా లేకపోతే వెనక్కెళ్లి మళ్లీ వెతుక్కోవాలి. అంతా చేసి, కథ ఊపందుకుంది అనుకునేలోపు గేమ్ అయిపోతుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ పడగానే థియేటర్‌లో లైట్లు వేసి, ఇక ఇంటికెళ్లండి అన్నట్టు ఉంటుంది.

స్టూడియో ఏమంది

తిట్లు మొదలైన కొద్ది రోజులకే స్టూడియో వైస్ ప్రెసిడెంట్ జోయెల్ కిన్నునెన్ బయటికొచ్చి వివరణ ఇచ్చారు. గేమ్‌కి 54 లక్షల డాలర్ల పైనే ఖర్చైంది, ట్రైన్ 2కి అయినదానికి ఇది దాదాపు మూడింతలు. మొదట అనుకున్న కథ ఇంకా చాలా పెద్దది, అది మొత్తం తీయాలంటే కోటిన్నర డాలర్ల దాకా కావాలి, అంత డబ్బు లేదు. ఈ స్పందన తమని ఆశ్చర్యపరిచిందని, సిరీస్ భవిష్యత్తే ప్రశ్నార్థకమైందని కూడా చెప్పారు.

ఈ నిజాయితీని నేను గౌరవిస్తాను. ఖర్చుల లెక్క ఇలా విప్పి చెప్పే కంపెనీలు ఎన్ని ఉంటాయి? ఇక్కడి నుంచే అభిమానుల వాదన మొదలైంది: చిన్న స్టూడియో, ఉన్నదంతా పెట్టి రిస్క్ తీసుకుంది, కొత్తగా ప్రయత్నించింది, ఇలా చీల్చి చెండాడితే రేపు ఎవరూ కొత్తది ప్రయత్నించరు అని.

వినడానికి బాగుంది. కానీ ఆ వాదనలో ఒక మనిషి కనిపించడు. వాడే కొన్నవాడు.

కొన్నవాడి లెక్క

2015 ఆగస్టులో ఈ గేమ్ ధర దాదాపు 22 డాలర్లు. అప్పటికి స్టీమ్‌లో రూపాయల్లో ధరలు ఇంకా రాలేదు. మన డబ్బుల్లో 1,400 పైమాటే. ఒక కాలేజీ కుర్రాడికి అది నెల రోజుల రీఛార్జీలు, చాయ్‌లు, బస్సు ఖర్చులు కలిపినంత.

స్టీమ్ రిఫండ్ పద్ధతి కూడా అదే ఏడాది జూన్‌లో మొదలైంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. గేమ్ ఓపెన్ అవ్వకపోయినా, గ్రాఫిక్స్ తన్నేసినా ఇది బాగా పనిచేస్తుంది. కానీ ట్రైన్ 3 అసలు లోపం ఎక్కడుంది? చివర్లో. మొదటి రెండు గంటలూ రంగురంగుల అడవులు, కొత్త 3డీ, అంతా బాగానే అనిపిస్తుంది. కథ సగంలో తెగిపోయిందని తెలిసేసరికి రిఫండ్ టైమ్ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అంటే ఆ లోపం గురించి కొనేవాడిని ముందే హెచ్చరించగలిగింది రివ్యూ ఒక్కటే. స్టోర్ పేజీ చెప్పదు, ట్రైలర్ చెప్పదు, రిఫండ్ కాపాడదు. అలాంటప్పుడు రివ్యూ రాసేవాడు పాపం చిన్న స్టూడియో అని ఆ మాట మింగేస్తే, ఆ జాలికి డబ్బు కట్టేది వాడు కాదు, చదివి కొన్నవాడు.

ఫోన్ల విషయంలో మనం ఇదే చేస్తాం కదా. కెమెరా ఇప్పుడు బాలేదు కానీ తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తాం అని కంపెనీ చెప్తే, రివ్యూలో ఆ మాట రాస్తాం, మార్కులు మాత్రం చేతిలో ఉన్న ఫోన్‌కే వేస్తాం. కంపెనీకి చిప్‌ల ఖర్చు పెరిగిందన్నది నిజమే కావచ్చు. అది ధర ఎందుకు పెరిగిందో చెప్తుంది, ఫోటో ఎందుకు మసకగా వచ్చిందో చెప్పదు. గేమ్‌కి వేరే రూల్ ఎందుకు?

విమర్శకులు ఎక్కడ హద్దు దాటారు

అలాగని అప్పుడు వచ్చిన ప్రతి తిట్టునీ నేను సమర్థించను. '3డీకి వెళ్లడమే తప్పు' అన్నవాళ్లతో నాకు పేచీ ఉంది. 1996లో సూపర్ మారియో 64 ఇదే పని చేసి చరిత్రలో నిలిచిపోయింది. తేడా ఏంటంటే, అక్కడ మారియో దూకే పద్ధతి, కెమెరా తిరిగే పద్ధతి అన్నీ 3డీ కోసం మొదటి నుంచి ఆలోచించుకున్నారు. ట్రైన్ 3లో లోతు అయితే వచ్చింది, కానీ దాన్ని వాడుకునే పనిముట్లు తగ్గిపోయాయి. రిస్క్ తీసుకున్నందుకు కాదు, రిస్క్ భారాన్ని చెప్పకుండా కొనేవాడి మీద వేసినందుకు తిట్టాలి. ఈ రెండూ కలిపేసిన రివ్యూలు స్టూడియోకి అన్యాయం చేశాయి.

ఇక 'తిడితే సిరీస్ చచ్చిపోతుంది' అన్న భయం సంగతి. చచ్చిపోలేదు. 2019 అక్టోబర్‌లో ట్రైన్ 4: ది నైట్‌మేర్ ప్రిన్స్ వచ్చింది. మళ్లీ పక్క నుంచి చూసే 2.5డీ, మళ్లీ స్కిల్ అప్‌గ్రేడ్స్, మాంత్రికుడి చేతికి మళ్లీ పలకలు. 2023 ఆగస్టులో ట్రైన్ 5 కూడా వచ్చేసింది. జనం కోపంగా అడిగినవి ఏవో, నాలుగో గేమ్‌లో తిరిగొచ్చినవీ దాదాపు అవే. అప్పట్లో అందరూ మొహమాటానికి 'బాగుంది' అని రాసి ఉంటే, ఏం తిరిగి తేవాలో ఆ స్టూడియోకి ఎలా తెలిసేది?

మరి కొనాలా, వద్దా?

విడిగా అయితే ట్రైన్ 3 కొనొద్దు. కట్టగా కొన్నప్పుడు ఎలాగూ వస్తుంది కాబట్టి, మిగతావన్నీ అయ్యాక ఒక సాయంత్రం దాని బొమ్మలు, సంగీతం కోసం చూడండి. లెవెల్ ఎడిటర్ ఉంది, ఆటగాళ్లు తయారుచేసిన లెవెల్స్ కూడా దొరుకుతాయి, ఓపిక ఉంటే అవి ట్రై చేయండి. కథ మధ్యలో వదిలేస్తే నాలుగోది అర్థం కాదేమో అన్న బెంగ అక్కర్లేదు, ట్రైన్ 4 ఆ తెగిన కథని పట్టుకోదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ట్రైన్ 2తో మొదలుపెట్టండి. పక్కన ఇంకో ఇద్దరు ఉంటే ఇంకా మంచిది, కంట్రోలర్లు మాత్రం ముందే ఛార్జింగ్ పెట్టుకోండి.