నిధివేట వినోదమా?

లోహములను పసిగట్టు యంత్రమును కొని, ఆదివారము నాడు మన పావగడ కోటచుట్టును, పాడుపడిన గుళ్లవెంటను తిరుగుట నిరపాయమైన వినోదమని వాదించువారు గలరు. ఇంగ్లండులో నేలయజమాని యనుమతి గొని వెదకి, దొరకిన నిధిని 1996 నాటి చట్టము ననుసరించి తెలుపుదురట. ఆ పద్ధతి వేఱు. మన రాష్ట్రమున 1962 నాటి నిధిచట్టము గలదు. రక్షిత స్మారకముల చెంత అనుమతి లేక త్రవ్వుట నేరము.

ఏ యంత్రము మేలని యడుగువారికి ఒక మాట. దాని తీగచుట్ట నేలలోనికి అయస్కాంతక్షేత్రమును పంపును. లోహము తగిలిన మ్రోగును. చిన్ననాణెమైనచో జానెడు లోతు, మించిన మూరెడు. మైళ్ల దూరమునుండి బంగారమును చూపునని యమ్మువాని మాట పచ్చి బూటకము. ముందుగా మ్రోగునది నాగటికఱ్ఱో, ఎద్దులాడమో! ఆ వెలతో బోరుపంపు బాగుచేయించుకొనరాదా?

నిడుగల్లు నేలిన చోళులు తాము కరికాలుని వంశజులమని శాసనములందు చెప్పుకొనిరి. నిడుగల్లనగా నిడుపైన ఱాయి. అందులో నిధిని వినువారి చెవులకు నమస్కారము. మన సొత్తంతయు ఱాతిపై నున్నది, యంత్రమునకు ఱాయి పలుకదు. కనుకనే వీరగల్లును పెకలించి, నందిపీఠమును పగులగొట్టి, అడుగున వెదకుదురు. 1915లో మస్కియొద్ద బీడన్ అను బంగారుగనుల ఇంజనీరు ఒక బండపై అశోకశాసనమును కనుగొనెను. దేవానాంప్రియ బిరుదముతో అశోకుని పేరు తొలిసారి చదువబడినది అందే. ఆ బండను ముందే యెవరైన నిధికై పగులగొట్టి యుండినచో?

పొలము దున్నుచుండగా నాణెము దొరకినవారు అధికారులకు వ్రాతమూలకముగా తెలిపి, రసీదు తప్పక అడిగి తీసికొనుడు.