మన టీ అంగళ్లు ఎవరి లెక్కలోకి వచ్చినాయి?



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు టీ ఫ్రాంచైజీల మీద పోస్టు పెట్టినాడు. కరోనా తర్వాత టీ, కాఫీ వ్యాపారం బాగా పుంజుకుందనీ, గిరిజన యువత ఉద్యోగాల కోసం కాచుకోకుండా బ్రాండెడ్ టీ షాపులు పెట్టుకోవాలనీ రాసినాడు. మంచిదే. కానీ దాని కింద ఒకరు "పాత బంకులోళ్లు కాలంతో మారలేదు, అందుకే మూతబడినారు" అన్నారు. ఆ మాటకు లైకులు కూడా బాగానే పడినాయి. మేము ఇంత పొడుగు రాస్తున్నది ఆ ఒక్క మాట గురించే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చి చదువుకున్నోళ్లం మేము. మాలో కొందరి హాస్టల్ ఖర్చులు టీ గ్లాసులు కడిగిన చేతుల నుంచే వచ్చినాయి.

మారలేదంటున్నారు, ఏమి మారాల్సిందప్పా?

ఈ మూడు ఊర్లూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. స్టేషన్ బయట బంకు పెట్టుకున్నోళ్లు గడియారం చూడరు, బండి కూత విని పాలు పొయ్యి మీద పెడతారు. 2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి ఆ బండ్లు ఆగిపోయినాయి. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. హిందూపురంలో అది సరిగ్గా చింతపండు సీజను. మార్కెట్‌కు సరుకొస్తే హమాలీలు, బండ్లోళ్లు, చింతపండు కొట్టే ఆడోళ్లు అందరూ టీ మీదే నిలబడతారు. ఆ సీజనంతా పోయింది. పైగా జిల్లాలో కేసులు ముందుగా బయటపడిన ఊర్లలో హిందూపురం ఒకటి కాబట్టి అక్కడ కట్టడి మరీ గట్టిగా ఉండింది. ధర్మవరంలో మగ్గాలు ఆగినాయి. పెళ్లిళ్లే లేకపోతే పట్టుచీర ఎవరు కొంటారు? చీర అమ్ముడుపోకపోతే నేతగాడు రోజుకు నాలుగుసార్లు టీకి లేస్తాడా? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ మూతపడి మళ్లీ మే నెలలో తెరుచుకుంది. 44వ నంబరు హైవే మీద లారీలు తిరిగినా, ఆపి టీ తాగే చోటే లేకుండా పోయింది.

ఇందులో బంకు నడిపే అక్క చేసిన తప్పు ఏముంది? తాగేవాడు బయటికి రాకూడదని ప్రభుత్వమే చెప్పింది. రోగం అట్లాంటిది కాబట్టి ఆ మాట మేమూ కాదనం. మా గొడవ ఆ తర్వాత జరిగిన దాని గురించి.

2020 మే 4న మన రాష్ట్రంలో కంటైన్మెంట్ జోన్లు పోను మిగతా చోట్ల మద్యం షాపులు తెరిచినారు. మొదటి రోజు 25 శాతం, మరుసటి రోజు ఇంకో 50 శాతం, మొత్తం 75 శాతం రేటు పెంచినా క్యూలు కిలోమీటర్ల కొద్దీ నిలబడినాయి. హోటల్లో కూర్చుని తినడానికి, తాగడానికి జూన్ 8 దాకా అనుమతి లేదు. మన తండాలను సారా తండాలని ముద్రేసి కేసులు పెట్టిన కాలం మనకు ఎరికే. ఆ ముద్ర వదిలించుకుందామని సారా మానేసి టీ కెటిల్ పట్టుకున్న ఆడోళ్లు మన దగ్గర ఉన్నారు. వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి, ముందు సారాయి కౌంటరు తెరిచిన ప్రభుత్వాన్ని ఏమనాల? 2021 మే 5 నుంచి మళ్లీ కర్ఫ్యూ. పొద్దున 6 నుంచి 12 దాకే అంగళ్లు. టీ అమ్మేవాళ్లకు తెలుసు, సాయంత్రం బేరం పోతే రోజులో సగం పోయినట్టే.

అప్పట్లో గోడల మీదంతా "సామాజిక దూరం" అని రాసినారు. ఆ దూరం మాకు కొత్త కాదు. రాయలసీమ పల్లెల్లో టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎట్లుండేదో మన పెద్దోళ్లను అడగండి. ఇప్పుడు పేపర్ కప్పులొచ్చి ఆ గ్లాసు కనపడకుండా పోయిందిగానీ, ఆ కప్పు ఖర్చు కూడా బంకోళ్ల నెత్తినే పడింది. గాజు గ్లాసైతే కడిగి వాడుకునేవాళ్లు. పేపర్ కప్పు ప్రతి టీకీ కొనాల్సిందే.

ఇంకో విచిత్రం చూడండి. వీధిలో టీ తాగేవాళ్లు లేని ఆ ఏడాదే టీ పొడి రేటు పెరిగింది. లాక్‌డౌన్‌లో అస్సాం తోటలు మూతపడి ఆకు కోసేవాళ్లు లేకపోయినారు, తర్వాత వరదలొచ్చినాయి. 2019లో దేశంలో దాదాపు 139 కోట్ల కిలోల టీ పండితే, 2020లో అది 126 కోట్ల కిలోలకు దిగింది. జనం ఇంట్లోనే కాచుకుంటున్నారు కాబట్టి ప్యాకెట్ టీ అమ్మే పెద్ద కంపెనీల వ్యాపారం ఆ ఏడాది పెరిగింది. ఒకే ఆకు, అమ్మేవాడు పెద్దోడైతే లాభం, చిన్నోడైతే నష్టం. ఇంక ఆ ఆకు కోసేది ఎవరు? బ్రిటిషోళ్లు ఛోటానాగ్‌పూర్ నుంచి అస్సాంకు తోలుకుపోయిన సంతాల్, ముండా, ఒరాన్ ఆదివాసుల మనవళ్లు, మనవరాళ్లు. సొంత రాష్ట్రంలో ఎస్టీలైన వాళ్లకు అస్సాంలో ఎస్టీ హోదా లేదు, ఓబీసీలో పెట్టినారు. మనకు ఇది బాగా అర్థమవుతుంది. హిందూపురం దాటి గౌరిబిదనూరు పోతే మన లంబాడీ చుట్టం ఎస్సీ అయిపోతాడు కదా.

కాఫీ సంగతి కూడా ఒక మాట. అరకు, పాడేరు గిరిజన రైతుల గింజ కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, ఉంది. దాని మీద రైతులకు ఎన్ని ఫిర్యాదులున్నా, పోయి అడగడానికి ఒక గుమ్మం ఉంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనం మైదాన ప్రాంత గిరిజనులం. మన దగ్గర ఐటీడీఏ లేదు, మన టీ బంకుకు గుర్తింపు అసలే లేదు.

సాయం రాలేదా అంటే, కాగితం మీద వచ్చింది. 2020 జూన్ 1న కేంద్రం పీఎం స్వనిధి పెట్టింది, వీధి వ్యాపారికి 10,000 అప్పు. నవంబర్ 25న రాష్ట్రం జగనన్న తోడు పెట్టింది, వడ్డీ లేకుండా 10,000. అప్పట్లో స్వనిధికి 2020 మార్చి 24 నాటికే వ్యాపారం చేస్తున్నట్టు తేలాల్సి ఉండింది. మాకు తెలిసిన ఒక అక్క పదకొండేళ్లుగా ఒకే చెట్టు కింద టీ కాస్తోంది. ఆఫీసుకు పోతే "నువ్వు లిస్టులో లేవు" అన్నారు. లిస్టు ఎప్పుడు రాసినారని అడిగితే జవాబు లేదు. చివరికి ఆమె నూటికి ఐదు వడ్డీకి తెచ్చి పొయ్యి వెలిగించింది. ఇది మారకపోవడమా?

తర్వాతైనా పాత బేరం వెంటనే రాలేదు. బండ్లు తిరిగి మొదలైనప్పుడు ప్యాసింజర్‌లో 10 రూపాయలుండే కనీస టికెట్ 30 చేసినారు. 2024 ఫిబ్రవరి దాకా అట్లే నడిచింది. కూలికి పోయేవాళ్లు ఆ బండి ఎక్కడం తగ్గించుకుంటే, స్టేషన్ బంకులో టీ ఎవరు తాగుతారు?

ఫ్రాంచైజీ తమ్ముడికి మేము వ్యతిరేకం కాదు. కానీ లక్షల్లో డిపాజిట్ కట్టి, కంపెనీ చెప్పిన పొడి కంపెనీ చెప్పిన రేటుకే కొని, రోడ్డు పక్క షట్టరుకు బాడుగ కట్టేది మన తండాలో ఎంతమంది? అది చేయగలిగినోడు చేసుకోనీ. చేయలేనోళ్లకు ఉన్న చోటు నిలబెట్టేది మాత్రం 2014 వీధి వ్యాపారుల చట్టం. దాని ప్రకారం ఐదేళ్లకోసారైనా సర్వే చేయాల. సర్వే అయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, అదీ వాళ్లు ఎన్నుకున్నోళ్లే ఉండాల. అందులో మూడో వంతు ఆడోళ్లు. ఎస్సీ, ఎస్టీలకు తగిన చోటివ్వాలని చట్టంలోనే ఉంది. హిందూపురం, ధర్మవరం మున్సిపాలిటీలు. పెనుకొండ కూడా నగర పంచాయతీ అయింది, 2021 నవంబర్లో ఎన్నికలు జరిగినాయి. అంటే మూడు ఊర్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. మన బంకులోళ్లలో ఆ కమిటీ పేరు విన్నోళ్లు ఎంతమంది? డిగ్రీలు, పీజీలు చేసిన మనం ఆ మాట వాళ్ల చెవిన వేసినామా? ఇక్కడ మేము మమ్మల్నీ తిట్టుకుంటున్నాం. సర్టిఫికెట్ లేని అక్క టీ తాగుతూనే గ్రూప్స్‌కు ప్రిపేర్ అయినాం, ఒక అర్జీ రాసివ్వలేకపోయినాం.

కాబట్టి మీ తండా, మీ కాలనీ నుంచి ఈ మూడు ఊర్లలో టీ, కాఫీ అమ్ముకునేవాళ్ల వివరాలు రాయండి. ఏ ఊరు, ఏ చోటు, ఎన్నేళ్ల నుంచి, 2020లో ఎన్ని నెలలు మూసినారు, అప్పు ఎంత అయింది, సర్టిఫికెట్ ఉందా లేదా. ఫోన్ నంబర్లు బహిరంగంగా పెట్టొద్దు. ఊరికొక అర్జీ, సమాచార హక్కు కింద ఊరికొక దరఖాస్తు తయారు చేద్దాం. సర్వే ఎప్పుడు జరిగింది, కమిటీలో ఎస్టీలు ఎంతమంది అన్నవే మొదటి ప్రశ్నలు. రాసేందుకు వచ్చే ఆదివారం పొద్దున పెనుకొండ స్టేషన్ దగ్గర కూర్చుంటాం. ఫ్రాంచైజీ తమ్ముడూ, "మారలేదు" అన్న అన్నా, మీరూ రండి. టీ బంకులోనే తాగుదాం, డబ్బులు మాత్రం ఎవరివి వాళ్లే ఇవ్వాల.