గోలు ముందు గొప్పవాడెవరు?



క్రికెట్టులో గొప్ప ఆటగాడు ఎవరు, కబడ్డీలో గొప్ప ఆటగాడు ఎవరు అని మీరు బడి దగ్గర ఎన్నోసార్లు వాదులాడుకునే ఉంటారు. కెనడా దేశంలో పిల్లలకు కూడా ఇలాంటి తగవు ఒకటి ఉన్నది. అది మంచు మీద ఆడే హాకీని గురించి. అందులోనూ గోలు ముందు కాపలా కాసే గోల్‌కీపర్ల గురించి. అందరిలోకీ గొప్ప గోల్‌కీపరు ఎవరు? ఈ తగవు వాళ్ళ తాతల కాలం నుంచీ తెగలేదు. ఈ నెల మనం కూడా ఇందులోకి దిగుదాం. కాని న్యాయాధికారి సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పకూడదు గదా! అందుచేత ముందు ఆట సంగతి తెలుసుకుందాం.

మంచు హాకీని ఇంటి కప్పు కింద, నియమాలు పెట్టుకుని ఆడటం 1875 మార్చి 3వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరంలో మొదలయిందని చెబుతారు. అక్కడి పెద్ద పోటీలలో మంచు మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. ఒక్కొక్క జట్టుకు ఆరుగురు. అందరి బూట్ల కిందా ఉక్కు బద్దలుంటాయి. ఆ బద్దల మీద వాళ్ళు జారుతూ పోతారు.

ఈ ఆటలో బంతి లేదు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని పక్ అంటారు. క్యారమ్స్ కాయను బాగా పెద్దది చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మూడు అంగుళాల అడ్డుకొలత, ఒక అంగుళం మందం. ఆటకు ముందు దాన్ని చల్లటి పెట్టెలో పెట్టి గడ్డకట్టేటట్టు చేస్తారు. ఎందుకంటారా? వెచ్చగా ఉన్న రబ్బరు ఎగిరెగిరి పడుతుంది. బాగా చల్లబడిన రబ్బరు ఎగరకుండా మంచును అంటుకుని జారుతుంది.

గోలు వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. బలశాలి అయిన ఆటగాడు కర్ర ఎత్తి కొడితే పక్ గంటకు 100 మైళ్ళ వేగంతో, అంటే 160 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఇప్పుడు చిన్న లెక్క చెయ్యండి. గంటకు 100 మైళ్ళంటే సెకనుకు సుమారు 147 అడుగులు. 60 అడుగుల దూరం నుంచి కొట్టిన పక్ గోలు చేరటానికి సెకనులో పది భాగాలు చేస్తే నాలుగు భాగాలు పడుతుంది. మనిషి కన్ను చూసినది మెదడుకు తెలిసి, చెయ్యి కదలటానికే అందులో రెండు భాగాలు పోతాయి. మిగిలిన ఆ రెండు భాగాలలోనే గోల్‌కీపరు తన పని పూర్తి చెయ్యాలి. 30 అడుగుల నుంచి కొడితే ఆ కాస్త కూడా మిగలదు!

మరి ఎలా ఆపుతారు? పక్ వచ్చాక కదిలితే లాభం లేదు. అది వచ్చే దారిలో ముందే నిలబడి ఉండాలి. ఇది మీరు ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. గోడ మీద 6 అంగుళాల అడ్డగీత గీయండి. అది గోలు అనుకోండి. చీకటి చేసి, సెల్‌ఫోను దీపాన్ని గీతకు ఎదురుగా 30 అంగుళాల దూరంలో పెట్టండి. అది పక్ కొట్టేవాడు. ఇక 4 అంగుళాల వెడల్పు అట్టముక్క తీసుకోండి. అది గోల్‌కీపరు. అట్టను గోడకు ఆనించి పెడితే గీతలో 4 అంగుళాల మీదనే నీడ పడుతుంది. దాన్ని మెల్లగా దీపం వైపు జరపండి. గోడకు 10 అంగుళాల దూరం వచ్చేసరికి నీడ మొత్తం గీతను కప్పేస్తుంది. అంటే గోలు విడిచి ముందుకు వచ్చిన గోల్‌కీపరు, తాను పెరగకుండానే పెద్దవాడవుతాడు!

కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. అట్టను అక్కడే ఉంచి, దీపాన్ని పక్కకు జరపండి. నీడ గీత దాటి పోతుంది. అంటే ముందుకు వచ్చిన గోల్‌కీపరును చూసి, అవతలి ఆటగాడు పక్‌ను పక్కవాడికి అందిస్తే గోలు ఖాళీ అయిపోతుంది. ఎంత ముందుకు రావాలి, ఎప్పుడు వెనక్కు పోవాలి అన్నదే గోల్‌కీపరు విద్యలో సగం.

ఇక సాక్షులను ఒక్కొక్కరినే పిలుద్దాం.

మొదటివాడు జార్జ్ వెజీనా. మాంట్రియల్ జట్టుకు 1910 నుంచి 1925 దాకా ఒక్క ఆట కూడా మానకుండా ఆడాడు. ఎంతటి కంగారులో కూడా చల్లగా ఉండేవాడని అతనికి దోసకాయ అని ముద్దుపేరు పెట్టారు. అతను ఆడటం మొదలుపెట్టిన రోజులలో గోల్‌కీపరు మంచు మీద పడి పక్‌ను ఆపకూడదని నియమం ఉండేది, నిలబడే ఆపాలి. ఆ నియమాన్ని 1918లో తీసేశారు. 1925 నవంబరు 28న వెజీనా ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో ఆటకు దిగి, మధ్యలో విడిచి వెళ్ళవలసి వచ్చింది. అది క్షయ. మరుసటి ఏడు మార్చిలో అతను చనిపోయాడు. నేటికీ ప్రతి సంవత్సరం మంచి గోల్‌కీపరుకు ఇచ్చే బహుమతికి అతని పేరే ఉన్నది.

రెండవవాడు టెరీ సాచుక్. అవతలి జట్టుకు ఒక్క గోలు కూడా ఇవ్వని ఆటలు ఇతనివి 103. ఆ లెక్కను 2009 దాకా ఎవరూ దాటలేకపోయారు. 1952లో డెట్రాయిట్ జట్టు కప్పు గెలిచినప్పుడు, చివరి పోటీలలో 8 ఆటలూ గెలిచి మొత్తం 5 గోళ్ళు మాత్రమే ఇచ్చాడు.

మూడవవాడు గ్లెన్ హాల్. 1955 నుంచి 1962 దాకా వరసగా 502 ఆటలు, ముఖానికి ఏ అడ్డూ లేకుండా ఆడాడు. విచిత్రమేమంటే ఆటకు ముందు ఇతనికి ఆందోళనతో వాంతులయ్యేవి! అయినా వెళ్ళి గోలు ముందు నిలబడేవాడు. ధైర్యమంటే భయం లేకపోవటం కాదని ఇతన్ని చూస్తే తెలుస్తుంది.

నాలుగవవాడు వ్లాదిస్లావ్ త్రెత్యాక్. ఇతను సోవియట్ దేశపువాడు. 1972, 1976, 1984 ఒలింపిక్ ఆటలలో అతని జట్టుకు బంగారు పతకాలు వచ్చాయి. 1975 డిసెంబరు 31న మాంట్రియల్ జట్టువాళ్ళు సొంత ఊళ్ళో ఇతని మీదికి 38 సార్లు పక్ కొట్టారు. ఇతని జట్టు కొట్టినది 13 సార్లే. అయినా ఆట 3–3తో సమానమయింది!

అయిదవవాడు మార్టిన్ బ్రోడర్. 691 విజయాలు, గోలు ఇవ్వని ఆటలు 125. సాచుక్ లెక్కను దాటినవాడు ఇతనే. ఇతని తండ్రి కూడా గోల్‌కీపరే. 1956 ఒలింపిక్స్‌లో కెనడాకు కంచు పతకం తెచ్చిన జట్టులో ఆడాడు.

ఆరవవాడు దొమినిక్ హాషెక్. ఇతనిది చెక్ దేశం. వెన్నెముక ఉన్నదా లేదా అనిపించేటట్టు మెలికలు తిరిగి పక్‌ను ఆపేవాడు. తన మీదికి వచ్చిన ప్రతి వెయ్యి పక్‌లలో 922 ఆపాడని లెక్క. ఆరేళ్ళు వరసగా ఈ లెక్కలో అతనే మొదటివాడు. 1997, 1998లలో గోల్‌కీపర్లనే కాదు, ఆటగాళ్ళందరినీ కలిపి చూసి ఇతన్నే మేటి అన్నారు. 1998లో జపానులోని నగానోలో జరిగిన ఒలింపిక్స్‌లో కెనడా మీద ఆట 1–1తో నిలిచిపోయింది. అప్పుడు కెనడా నుంచి అయిదుగురు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఒంటరిగా కొట్టారు. హాషెక్ అయిదూ ఆపాడు. అవతలి గోలులో ఉన్నది ఎవరనుకున్నారు? పాట్రిక్ ర్వా! చివరి పోటీలలో మేటి ఆటగాడి బహుమతిని మూడుసార్లు గెలిచిన మహా గోల్‌కీపరు. చెక్ జట్టు చివరి ఆటలో రష్యాను 1–0తో ఓడించి బంగారు పతకం తీసుకున్నది.

చూశారా, ఎంత చిక్కు వచ్చిందో! విజయాలు లెక్కపెడితే బ్రోడర్. కాని విజయం గోల్‌కీపరు ఒక్కడిదేనా? కెన్ డ్రైడెన్ అనే గోల్‌కీపరు 258 ఆటలు గెలిచి 57 మాత్రమే ఓడాడు. కాని అతని ముందు ఆడిన మాంట్రియల్ జట్టు మహా బలమైనది. ఆపిన పక్‌లు లెక్కపెడితే హాషెక్. కాని వెజీనా రోజులలో ఆ లెక్క ఇప్పటిలాగా రాసిపెట్టేవారు కారు. పైగా వెజీనా కాళ్ళకు కట్టుకున్నవి ఈనాటి తేలికైన పెద్ద పెద్ద మెత్తలు కావు. త్రెత్యాక్ అయితే కెనడా, అమెరికా జట్లు ఆడే ఆ పెద్ద లీగులోనే ఎన్నడూ ఆడలేదు. మామిడిపండును, పనసపండును ఒకే త్రాసులో వేస్తే బరువు తెలుస్తుందిగాని రుచి తెలుస్తుందా?

ఇప్పుడు ఆఖరి సాక్షిని పిలుస్తాను. అతని పేరు జాక్ ప్లాంట్.

ప్లాంట్ ఉబ్బసం రోగి. తీరిక దొరికితే ఊలు అల్లుకునేవాడు. గోలు విడిచి ముందుకు పోయి, వెనక్కుపోయి, పక్‌ను తానే పట్టి తనవాళ్ళకు అందించే అలవాటు అతనిది. ఆ రోజులలో గోల్‌కీపర్లు ముఖానికి ఏమీ కట్టుకునేవారు కారు. 1930లో క్లింట్ బెనెడిక్ట్ అనే అతను ముక్కు పగిలిన తరవాత తోలు మాస్కు కట్టుకున్నాడుగాని, కొద్ది ఆటలకే తీసేశాడు. తరవాత 29 ఏళ్ళపాటు ఆ పెద్ద లీగులో మాస్కు అలవాటు కాలేదు. ముఖాల మీద కుట్లు పడుతూనే ఉన్నాయి. సాచుక్ ముఖానికి పడిన కుట్లు వందలలో ఉన్నాయి.

1959 నవంబరు 1న న్యూయార్కులో ఆట జరుగుతున్నది. ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ వచ్చి ప్లాంట్ ముఖానికి తగిలింది. నెత్తురు కారింది. లోపలికి తీసుకుపోయి కుట్లు వేశారు. ఆ రోజులలో జట్టుకు గోల్‌కీపరు ఒక్కడే.  ప్లాంట్ అంతకుముందే అభ్యాసంలో ఒక మాస్కు వాడుతున్నాడు. "అది పెట్టుకోనిస్తేనే వస్తాను," అన్నాడు. శిక్షకుడు టో బ్లేక్‌కు ఇది ఇష్టం లేదు. మాస్కు పెట్టుకుంటే పక్ సరిగా కనిపించదని ఆయన అనుమానం. అయినా గత్యంతరం లేక ఒప్పుకున్నాడు. ప్లాంట్ మాస్కుతో వచ్చాడు. మాంట్రియల్ 3–1తో గెలిచింది.

మాస్కు పెట్టుకున్నవాడు పిరికివాడని కొందరు వెక్కిరించారు. మరుసటి మార్చిలో, బ్లేక్ మాట మన్నించి ఒక్క ఆట మాస్కు లేకుండా ఆడాడు. 3–0తో ఓడిపోయారు. మాస్కు మళ్ళీ ముఖం మీదికి వచ్చింది. ఆ ఏడు చివరి పోటీలలో మాంట్రియల్ 8 ఆటలూ గెలిచి కప్పు పట్టుకున్నది. ఆ తరవాత ఒకరి వెనక ఒకరు మాస్కులు కట్టుకున్నారు. 1974 తరవాత ఆ లీగులో మాస్కు లేని గోల్‌కీపరు లేడు.

ప్లాంట్ ఆటలో తక్కువవాడేమీ కాదు. ఆరు కప్పులు, వెజీనా బహుమతి ఏడుసార్లు అతనివి.

ఇక తీర్పు. "రేపు ఒకే ఒక్క ఆట ఉన్నది, గోలు ముందు ఎవరిని నిలబెడతావు?" అని నన్ను అడిగితే హాషెక్ పేరు చెబుతాను. కాని "గోల్‌కీపర్లందరిలోకీ గొప్పవాడు ఎవరు?" అని అడిగితే నా ఓటు ప్లాంట్‌కే. హాషెక్ ఆపిన పక్‌లు అతని జట్టును మాత్రమే కాపాడాయి. ప్లాంట్ మొండితనం మాత్రం అతని తరవాత గోలు ముందు నిలబడిన ప్రతివాడి కళ్ళనూ, పళ్ళనూ కాపాడింది, హాషెక్‌వి కూడా. ప్లాంట్ కాకపోతే మరొకరు ఆ పని చేసేవారు గదా అంటారా? చేసేవారేమో. కాని 29 ఏళ్ళు ఎవరూ చెయ్యలేదని మరిచిపోకండి.

ఇది నా తీర్పు మాత్రమే. మీరు ఒప్పుకోనక్కరలేదు. మీ నాన్నగారితో, అమ్మగారితో, స్నేహితులతో వాదించండి. హాకీయే కానక్కరలేదు, ఏ ఆటయినా సరే. అయితే ఒక షరతు: పేరు చెప్పే ముందు మీ కొలబద్ద ఏమిటో చెప్పాలి. విజయాలా, నైపుణ్యమా, ధైర్యమా, తరవాతివాళ్ళకు చేసిన మేలా? సగం తగవులు పేర్ల దగ్గర రావు, కొలబద్దల దగ్గరే వస్తాయి.